‘అంగీకరిస్తున్నాను’ బటన్ తయారుచేసేవారికి బహిరంగ లేఖ

ఆన్‌లైన్ దుకాణాలకు, యాప్‌లకు షరతుల పత్రాలు రాసే లాయర్లకు, ఆ షరతులు స్క్రీన్ మీద ఎక్కడ, ఏ సైజులో పడాలో తేల్చే డిజైనర్లకు, ఈ నెల ఎంతమందిని చేర్పించారని వాళ్లను అడిగే మేనేజర్లకు నమస్కారం.

మీ ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. ఎవరిని విడిగా అడిగినా పక్కవారి వైపు వేలు చూపిస్తారు. షరతు రాసింది లాయరు. దాన్ని ఎవరి కంటా పడని మూలన పెట్టింది డిజైనరు. అలా పెడితేనే అమ్మకాలు పెరుగుతాయని పట్టుబట్టింది మేనేజరు. తిలాపాపం తలా పిడికెడు. కోర్టు దాకా వెళ్తే మాత్రం మీ ముగ్గురి పనీ కలిసి ఒక స్క్రీన్‌షాట్ అవుతుంది. జడ్జి ముందు పెట్టేది దాన్నే.

కాంట్రాక్టు చట్టం పాఠం చెప్పడం నా వృత్తి. చట్టసభలను వదిలి మీకు ఎందుకు రాస్తున్నానంటే, ఆన్‌లైన్ కొనుగోళ్ల గురించి చట్టాలు చెప్పవలసిన మూల సూత్రాలు చాలావరకు చెప్పేశాయి, కోర్టులూ చెప్పేశాయి. వాటి సారం ఇది: మనిషిని కట్టిపడేసే షరతు ఏదైనా, అతని వేలు బటన్ దగ్గరికి వెళ్లే దారిలోనే కనబడాలి. కనబడకుండా దాచిన షరతుతో వచ్చే నష్టం దాచినవారిదే. ఈ సంగతి మీకు తెలియదని నేను అనుకోను. తెలిసి కూడా, ఎంతవరకు దాస్తే చెల్లుతుందో రోజూ కొలిచి చూస్తున్నారన్నదే నా ఫిర్యాదు.

అసలు బటన్ నొక్కితే ఒప్పందం అవుతుందా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒక విద్యార్థి అడుగుతాడు. కాగితం లేదు, సంతకం లేదు, సాక్షులు లేరు. అయినా అవుతుంది. 1996లో ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య చట్టాల కమిషన్ (అన్‌సిట్రాల్ అంటారు) ఎలక్ట్రానిక్ వాణిజ్యానికి ఒక నమూనా చట్టం తయారుచేసింది. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఏ సమాచారాన్నీ చెల్లదనకూడదన్నది దాని పునాది. ఎనభైకి పైగా దేశాలు దాన్ని ఆధారం చేసుకుని తమ చట్టాలు రాసుకున్నాయి. భారతదేశపు 2000 నాటి ఐటీ చట్టం అందులో ఒకటి. అమెరికా కూడా అదే ఏడాది ఎలక్ట్రానిక్ సంతకాలకు విలువనిస్తూ చట్టం చేసింది.

ఇది ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి కెనడాలోని సస్కాచెవాన్ కోర్టు 2023లో ఇచ్చిన తీర్పు చాలు. ధాన్యం కొనే సంస్థ ఒకటి అవిసె గింజల కాంట్రాక్టును ఫొటో తీసి రైతు ఫోన్‌కు పంపి, ఖాయం చేయమని అడిగింది. రైతు బొటనవేలు పైకెత్తిన ఎమోజీ పంపాడు. సరుకు మాత్రం పంపలేదు. కాంట్రాక్టు అందిందన్న అర్థంలోనే ఆ ఎమోజీ పెట్టానని అతని వాదన. అంతకుముందు కాంట్రాక్టులకు కూడా అతను ‘ఓకే’, ‘సరే’ అనే ధోరణిలో ఒక్క ముక్కలో జవాబిచ్చి సరుకు పంపేవాడని చూసి, ఈ ఎమోజీ సంతకంతో సమానమేనంది కోర్టు. 82,000 కెనడా డాలర్లకు పైగా నష్టపరిహారం పడింది. మరుసటి ఏడాది అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేసింది. వేలితో తాకితే ఒప్పందం అయ్యే రోజులివి. కాబట్టి ఆ వేలికి ఏం చూపిస్తున్నారన్నది చిన్న విషయం కాదు.

ఒప్పందం ఏ క్షణంలో పుడుతుందన్నది ఇంకాస్త చిక్కు ప్రశ్న. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి. దుకాణం అరలో ధర వేసి పెట్టిన వస్తువు ప్రతిపాదన కాదని, కొనడానికి రమ్మనే ఆహ్వానం మాత్రమేనని 1953లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు బూట్స్ మందుల దుకాణం కేసులో చెప్పింది. కొనేవారు వస్తువును కౌంటర్ దగ్గరికి తెచ్చి ప్రతిపాదిస్తారు, దుకాణంవారు డబ్బు తీసుకుని ఒప్పుకుంటారు. వెబ్‌సైట్‌లో కనబడే బొమ్మ, ధర విషయంలోనూ చాలా దేశాల్లో ఇదే లెక్క. ‘మీ ఆర్డర్ అందింది అనే ఈమెయిల్ అంగీకారం కాదు, సరుకు పంపినప్పుడే ఒప్పందం’ అని మీ షరతుల్లో ఒక వాక్యం ఉండేది ఇందుకే.

ఆ వాక్యాన్ని నేను తప్పుపట్టను. దాని అవసరం సింగపూర్‌లో డిజిలాండ్‌మాల్ అనే సంస్థకు తెలిసొచ్చింది. 2003 జనవరిలో 3,854 సింగపూర్ డాలర్ల లేజర్ ప్రింటర్ ధర పొరపాటున 66 డాలర్లని వెబ్‌సైట్లో పడింది. అర్ధరాత్రి దాటాక ఆ కబురు స్నేహితుల మధ్య పాకింది. ఆరుగురు కలిసి 1,606 ప్రింటర్లు ఆర్డర్ పెట్టేశారు. ఎవరింట్లోనైనా అన్ని ప్రింటర్లు ఏం చేసుకుంటారు చెప్పండి! సిస్టమ్ తనంతట తాను ఆర్డర్ ఖాయమైందని ఈమెయిళ్లు పంపేసింది. హైకోర్టు 2004లోనూ, అప్పీలు కోర్టు 2005లోనూ సంస్థ పక్షానే తీర్పిచ్చాయి. ఆటోమేటిక్ ఈమెయిల్ అయినంత మాత్రాన ఒప్పందం పుట్టదని అనలేం గానీ, ఇక్కడ కొనేవారు సంస్థ పొరపడిందని తెలిసి తెలిసి దాన్ని సొమ్ము చేసుకోబోయారు కనుక ఆ ఒప్పందం చెల్లదని తేలింది.

అదే దేశంలో 2020లో ఇంకో అడుగు పడింది. క్రిప్టో కరెన్సీ ఎక్స్ఛేంజీలో సాంకేతిక లోపం వల్ల మార్కెట్ ధరకు సుమారు 250 రెట్ల ధరకు లావాదేవీలు జరిగిపోయాయి. మనుషులెవరూ అందులో వేలు పెట్టలేదు, ప్రోగ్రాములే బేరమాడుకున్నాయి. పొరపాటు సంగతి ఎవరికి తెలిసినట్టు లెక్క? యంత్రానికి మనసు లేదు కాబట్టి ఆ ప్రోగ్రామ్ రాసిన మనిషికి, రాసేనాటి నుంచి లావాదేవీ జరిగేదాకా, ఏం తెలుసో చూడాలంది కోర్టు. అతనికి అలాంటి దురుద్దేశం లేదని తేలి, లావాదేవీలు రద్దు కావలసిన పని లేదని తీర్పిచ్చింది. మీలో కోడ్ రాసేవారు ఎవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే, ఈ తీర్పును ఒక్కసారి నెమ్మదిగా చదువుకోండి. మీ మనసులో ఉన్నది కూడా సాక్ష్యమే.

నా అభ్యంతరం ఎక్కడంటే, ఈ రక్షణను మీరు ఒకవైపే వాడుకుంటున్నారు. ధర తప్పుగా వేసింది మీరైతే ‘ఒప్పందం ఇంకా పుట్టలేదు’ అంటారు. ఒకటికి బదులు పదకొండు అని కొట్టింది కొనేవారైతే ‘మీరు బటన్ నొక్కారు కదా’ అంటారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. ఎలక్ట్రానిక్ ఒప్పందాల మీద 2005లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 14వ అధికరణం వ్యాపార సంస్థల మధ్య ఒప్పందాలకు సంబంధించినదే అయినా, అందులోని ఆలోచన అందరికీ పనికొస్తుంది. ఆటోమేటిక్ సిస్టమ్‌తో లావాదేవీ చేస్తూ మనిషి టైపింగులో పొరపడితే, ఆ తప్పు దిద్దుకునే వీలు సిస్టమ్ ఇవ్వకపోతే, తప్పుపడిన భాగాన్ని అతను వెనక్కి తీసుకోవచ్చు. కాకపోతే తెలిసిన వెంటనే చెప్పాలి, ఆ సరుకుతో లాభపడి ఉండకూడదు. వినియోగదారుల విషయంలో యూరప్ 2000 నాటి ఈ-కామర్స్ డైరెక్టివ్‌లోనే (సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవలసిన ఆదేశాన్ని అక్కడ డైరెక్టివ్ అంటారు), ఆర్డర్ పెట్టేముందు తప్పులు చూసి దిద్దుకునే సౌకర్యం ఇవ్వాలని రాసింది. దీనికి ఒక్క స్క్రీన్ చాలు. మీరేమో ఆ స్క్రీన్ అడ్డమని తీసేసి, ఒక్క తాకుడుతో కొనుగోలు అని ప్రకటన వేసుకుంటున్నారు.

ఇక షరతుల సంగతికొస్తాను. నిజానికి ఈ ఉత్తరం రాయించింది ఇదే.

ఇంటర్నెట్ పుట్టకముందే కోర్టులు దీన్ని తేల్చుకోవలసి వచ్చింది. 1971లో లండన్‌లో ఒక కారు పార్కింగ్ కేసు. యంత్రం ఒక టికెట్ బయటికి తోస్తుంది, దాని మీద ‘లోపల ప్రదర్శించిన షరతులకు లోబడి’ అని ఉంటుంది. లోపల గోడ మీద ఉన్న షరతుల్లో ఒకటి, ఒంటికి గాయమైనా తమకు బాధ్యత లేదని. ఒక మనిషికి అక్కడ నిజంగానే గాయమైంది. జడ్జి లార్డ్ డెన్నింగ్ అన్నదాని సారాంశం, యంత్రంతో వాదించలేం, తిట్టినా అది కదలదు, టికెట్ చేతికొచ్చేసరికే మనిషి ఇరుక్కుపోయాడు కనుక ఆ తర్వాత చూపించిన షరతు అతన్ని కట్టిపడేయదు. అంతకు ముందు 1956లోనే ఆయన ఇంకో మాట అన్నారు. కొన్ని షరతులు ఎంత దారుణంగా ఉంటాయంటే, వాటిని ఎర్ర సిరాతో అచ్చువేసి, వాటివైపు ఎర్రటి చెయ్యి ఒకటి చూపిస్తూ ఉంటే తప్ప చాలవు అని. షరతు ఎంత కఠినమైతే అంత ప్రస్ఫుటంగా చూపించాలన్నమాట. మీ స్క్రీన్ల మీద నాకు దీనికి సరిగ్గా తలకిందులుగా కనబడుతోంది. షరతు ఎంత కఠినమైతే అక్షరం అంత చిన్నది.

ఇంటర్నెట్ కాలంలో ఇదే పాఠం మళ్లీ వచ్చింది. 2002లో అమెరికాలో నెట్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ కేసు. ఉచిత సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ బటన్ పైన ఉంది, లైసెన్సు షరతుల ప్రస్తావన ఆ బటన్‌కు కింద, పేజీ జరిపితే గానీ కనబడని చోట ఉంది. తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లిన సోనియా సోటోమయోర్ అప్పుడు అప్పీలు కోర్టులో రాసిన తీర్పు అది. కింద షరతులున్నాయని తెలియని మనిషి బటన్ నొక్కితే దాన్ని ఒప్పుకోలు అనలేమని అందులో తేల్చారు. 2022లో ఇంకో అప్పీలు కోర్టు, ఒక సంస్థ వెబ్‌పేజీని అంగుళం అంగుళం పరిశీలించింది. షరతుల వాక్యం చుట్టూ ఉన్న అక్షరాల కన్నా బాగా చిన్నగా, బూడిద రంగులో ఉంది. లింకు ఉన్నట్టు తెలియడానికి నీలం రంగు లేదు, పెద్దక్షరాలూ లేవు. ‘కొనసాగించు’ బటన్ మాత్రం పెద్దగా, మెరుస్తూ ఉంది. ఒప్పందం లేదు పొమ్మంది కోర్టు. 2017లో ఉబర్ కేసులో మాత్రం గెలుపు సంస్థదే. ఎందుకంటే అక్కడ స్క్రీన్ చిందరవందరగా లేదు, నీలం రంగులో గీత గీసిన లింకు రిజిస్టర్ బటన్‌కు కిందే, జరపకుండానే కనబడుతోంది. అంటే కోర్టులు మిమ్మల్ని ఆకాశం నుంచి చుక్కలు తెమ్మనడం లేదు. రంగు, సైజు, చోటు సరిగ్గా పెట్టమంటున్నాయి. మీ పనే అది.

షరతులు చదవకపోవడం జనం తప్పు కదా అంటారు మీరు. ఇది కొంతవరకు ఒప్పుకోవలసిన మాటే. సరిగ్గా చూపించిన షరతును చదవకుండా ఒప్పుకుంటే కట్టుబడాల్సిందేనని చాలా కోర్టులు అంటాయి. కానీ ఎంత చదవాలి? కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో లెక్కేసి చూస్తే, ఒక మనిషి ఏడాదిలో తాను చూసే సైట్లలోని ప్రైవసీ పాలసీలను మాత్రమే అక్షరం అక్షరం చదవడానికి 200 గంటల పైమాటే పడుతుందని తేలింది. యాప్‌ల వరద ఇంకా రాకముందు లెక్క అది. 2010 ఏప్రిల్ 1న బ్రిటన్‌లో గేమ్‌స్టేషన్ అనే వీడియో గేమ్స్ దుకాణం తన షరతుల్లో ‘మీ ఆత్మ మాకు సొంతం’ అని ఒక క్లాజు చేర్చింది. వేల మంది టిక్ పెట్టి ముందుకెళ్లారు. ఏప్రిల్ ఫూల్ సరదా కాబట్టి నవ్వుకున్నాం.

2024లో అమెరికాలో బయటపడినది నవ్వుకునేది కాదు. డిస్నీ రిసార్ట్ ప్రాంతంలోని రెస్టారెంటులో తిన్న తర్వాత అలర్జీతో ఒకామె చనిపోయింది. భర్త దావా వేస్తే, ఆయన కొన్నేళ్ల కిందట డిస్నీ స్ట్రీమింగ్ సర్వీసు ట్రయల్ తీసుకున్నప్పుడు ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవడానికి, ఒప్పుకున్నారు కాబట్టి కోర్టుకు రాకూడదని సంస్థ వాదించింది. జనం ఛీ కొట్టాక ఆ వాదనను ఉపసంహరించుకుంది. చట్టప్రకారం ఆ వాదన నిలిచేదా లేదా అన్నది అటుంచండి. సినిమాలు చూడటానికి నొక్కిన బటన్‌కూ, రెస్టారెంటులో తిన్నాక జరిగిన చావుకూ ముడిపెట్టవచ్చని ఒక లాయరుకు తోచడం, దాన్ని ఇంకొకరు ఆమోదించడం చూస్తే, మీ వృత్తిలో ‘షరతు’ ఎంతదాకా సాగిందో అర్థమవుతుంది.

కాబట్టి మొత్తం పత్రాన్ని చదివించమని నేను అడగను, చదివించలేరు కూడా. డబ్బు ఎప్పుడు కట్ అవుతుంది, మళ్లీ మళ్లీ కట్ అవుతుందా, ఎలా బయటపడాలి, గొడవ వస్తే కోర్టుకు వెళ్లే హక్కు పోతుందా. ఈ నాలుగు సంగతులూ బటన్ పక్కన, బటన్ మీది అక్షరాలంత సైజులో పెట్టండి. మిగతాది లింకులో ఉంచుకోండి. బటన్ మీద ఏం రాయాలో యూరప్‌లో 2011 నాటి వినియోగదారుల హక్కుల డైరెక్టివ్ ఎప్పుడో చెప్పింది. నొక్కితే డబ్బు కట్టాలని బటన్ మీది మాటలే స్పష్టంగా చెప్పాలి, లేకపోతే కొనేవారు ఆ ఆర్డర్‌కు కట్టుబడరు. 2022లో ఒక హోటల్ గది గొడవలో యూరప్ న్యాయస్థానం దీన్ని ఇంకా బిగించింది. ‘బుకింగ్ పూర్తి చేయండి’ అన్న బటన్ డబ్బు బాధ్యతను చెబుతోందా లేదా అన్నది ఆ మాటలను బట్టే తేల్చాలని, చుట్టూ ఏముందో చూడక్కర్లేదని చెప్పింది. ముందే టిక్ పెట్టి ఉంచిన అదనపు చార్జీలకు ఆ డైరెక్టివ్ చోటివ్వదు. అలా వసూలు చేసింది తిరిగివ్వాలి. కుకీల (వెబ్‌సైట్లు మన వివరాలు గుర్తుపెట్టుకోవడానికి మన ఫోన్లో, కంప్యూటర్లో పెట్టే చిన్న ఫైళ్ల) విషయంలో 2019లో ప్లానెట్49 కేసులోనూ అంతే. ముందే పెట్టిన టిక్‌ను తీసేయకపోవడం సమ్మతి కాదు.

‘కొనండి’ అన్న బటన్ గురించి కూడా ఒక మాట. పుస్తకమో, సినిమానో, గేమో కొన్నామనుకుంటాం, షరతుల్లో మాత్రం ‘పరిమితమైన, బదిలీ చేయరాని, ఎప్పుడైనా రద్దు చేయదగిన లైసెన్సు’ అని ఉంటుంది. 2009 జులైలో కిండిల్‌లో డబ్బిచ్చి కొన్న పుస్తకాలు కొన్ని రాత్రికి రాత్రి మాయమయ్యాయి. వాటిని సైట్‌లో అమ్మకానికి పెట్టినవారికి అసలు హక్కులే లేవని తెలిసి అమెజాన్ వాటిని దూరం నుంచే చెరిపేసింది. డబ్బు తిరిగిచ్చింది, సంస్థ అధిపతి క్షమాపణ చెప్పాడు. కానీ ఇల్లు కదలకుండా అరలోంచి పుస్తకం లాక్కోగలరని జనానికి ఆరోజే తెలిసింది. మళ్లీ అమ్ముకునే హక్కు ఉందా అంటే, డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేర్ శాశ్వత లైసెన్సులకు ఉందని యూరప్ న్యాయస్థానం 2012లో అంది, ఈ-పుస్తకాలకు లేదని 2019లో అంది. కాలిఫోర్నియా 2025 నుంచి ఒక దారి చూపించింది. అమ్ముతున్నది లైసెన్సేనని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకు పక్కన ‘కొనండి’ అని రాయకూడదు. ఆ చట్టం మీకు వర్తించకపోయినా అదొక్కటి పాటిస్తే ఏం నష్టం?

ఇప్పుడు బయటికి వెళ్లే దారి. ఈ మధ్య నేను ఒక వ్యాయామాల యాప్ సబ్‌స్క్రిప్షన్ ఆపేద్దామనుకున్నాను. చేరేటప్పుడు వేలిముద్ర పెట్టానంతే, అయిపోయింది. ఆపడానికి సెట్టింగ్స్‌లోకి వెళ్తే ‘ఖాతా’ ఉంది, అందులో ‘మీ ప్లాన్’ ఉంది, దాని అడుగున ‘ప్లాన్ వివరాలు’ అన్న మాట కింద లేత రంగులో ‘నిర్వహించండి’ అని ఉంది. అది నొక్కితే ఒక ఏడుపు ముఖం బొమ్మ. ‘మీరు ఇన్నాళ్లు సాధించింది అంతా పోతుంది’. కింద రెండు బటన్లు. మెరిసే ఆకుపచ్చలో ‘నా ఆరోగ్యం నాకు ముఖ్యం’, దాని కింద తెల్లకాగితం మీద తెల్లసున్నంలా ‘నాకు అక్కర్లేదు’. అక్కర్లేదన్నాక సర్వే. సర్వే అయ్యాక సగం ధరకు ఆఫర్. ఆఫర్ వద్దన్నాక, చివరికి, ‘పని వేళల్లో కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి’. ఫోన్ ఎత్తినవారు మర్యాదస్తులే, పాపం. ముందు నుంచి చివరిదాకా ఇది ఎవరో కూర్చుని, మీటింగులు పెట్టుకుని, ఎక్కడ ఎంతమంది విసిగి వెనక్కి వెళ్తున్నారో లెక్కలు చూసుకుని కట్టిన దారి. ఆ మీటింగులో మీరున్నారు.

ఇలాంటి ఎత్తులకు 2010లో బ్రిటన్ డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టాడు. మీ వృత్తిలోని వాడే. ఇప్పుడది చట్టంలోకి ఎక్కింది. భారతదేశం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటివి 13 రకాలు పేర్కొంది. అబద్ధపు తొందర పెట్టడం, కార్టులోకి చెప్పకుండా సరుకు దూర్చడం, వద్దంటే సిగ్గుపడేలా చేయడం, సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు వాటిలో కొన్ని. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అమెజాన్ మీద 2023లో వేసిన దావాలో, ప్రైమ్ సభ్యత్వం మానుకోవడానికి 4 పేజీలు, 6 క్లిక్కులు, 15 ఆప్షన్లు దాటాలని రాసింది. ఆ దారికి సంస్థ లోపల పెట్టుకున్న పేరు ఒక సుదీర్ఘమైన గ్రీకు యుద్ధకావ్యానిదట! వేళాకోళానికైనా పేరు సరిగ్గానే పెట్టారు. 2025 సెప్టెంబరులో ఆ వ్యవహారం 250 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. జర్మనీలో 2022 జులై 1 నుంచి, ఆన్‌లైన్‌లో చేరగలిగే సబ్‌స్క్రిప్షన్ల లాంటి ఒప్పందాలకు వెబ్‌సైట్‌లోనే రద్దు బటన్ ఉండి తీరాలి. సాధ్యం కాదని మీరు చెప్పేది అక్కడ రోజూ జరుగుతున్నదే.

చాట్‌బాట్‌ల గురించి ఎక్కువ రాయను, ఒక్క కేసు చాలు. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్, దగ్గరి బంధువు చనిపోయినప్పుడు ఇచ్చే టికెట్ రాయితీ కోసం ప్రయాణం అయ్యాక కూడా దరఖాస్తు చేసుకోవచ్చని ఒక ప్రయాణికుడికి చెప్పింది. నిజమైన నియమం అది కాదు. చాట్‌బాట్ చెప్పినదానికి తమ బాధ్యత లేదని సంస్థ వాదిస్తే, 2024లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు. వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతి సమాచారానికీ, అది పేజీ అయినా చాట్‌బాట్ అయినా, సంస్థదే పూచీ అంది. మాట్లాడే యంత్రాన్ని గుమ్మంలో నిలబెట్టింది మీరు. దాని మాట మీ మాటే.

గొడవలు ఎక్కడ తేల్చుకోవాలన్న షరతూ ఇలాంటిదే. చాలా దూరం దేశంలోని కోర్టు పేరు రాసేసి ఊరుకుంటారు. కెనడా సుప్రీంకోర్టు 2020లో ఉబర్ డ్రైవర్ల ఒప్పందంలోని ఆర్బిట్రేషన్ క్లాజును కొట్టేసింది. ఫిర్యాదు మొదలుపెట్టడానికే 14,500 అమెరికా డాలర్లు కట్టి, నెదర్లాండ్స్‌లో తేల్చుకోవాలని అందులో ఉంది. అది తీర్పు దొరికే దారి కాదు, దొరకకుండా చేసే దారి. యూరప్‌లోనైతే, మీ సైట్ ఫలానా దేశపు కొనుగోలుదారుల కోసమే అని భాష, కరెన్సీ, ఫోన్ కోడ్ లాంటి వాటిని బట్టి తేల్చి, ఆ దేశపు కోర్టుకే మిమ్మల్ని రప్పించవచ్చని న్యాయస్థానం 2010లోనే చెప్పింది. ఒక దేశం డబ్బులో ధర వేసి అమ్మేటప్పుడు ఆ దేశం మీకు దగ్గరే. గొడవ వచ్చినప్పుడే దూరమవుతుంది.

మీ వైపు వాదన నాకు తెలియక కాదు. కొనేవారిలోనూ దొంగలున్నారు. వాడిన బట్టలు మడతపెట్టి వెనక్కి పంపేవారున్నారు. సరుకు అందినా అందలేదనేవారున్నారు. సింగపూర్ ప్రింటర్ల కథలో తప్పు కొనేవారిదే. యూరప్‌లో కారణం చెప్పకుండా 14 రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు పెట్టినప్పుడు కూడా, ఒకరి కోసమే ప్రత్యేకంగా చేయించినవి, త్వరగా పాడైపోయేవి, సీల్ తీస్తే శుభ్రత పోయేవి లాంటివాటికి మినహాయింపు ఇచ్చారు. న్యాయమే. పైగా ఆ హక్కును కొనేవారికి సరిగ్గా చెప్పకపోతే 14 రోజుల గడువుకు ఇంకో 12 నెలలు కలుస్తాయి. చెప్పినవారికి 14 రోజులు, దాచినవారికి ఏడాది పైమాట. నాకు చాలా నచ్చిన ఏర్పాటు అది, ఎందుకంటే అందులో నిజాయితీగా చెప్పడమే లాభసాటి అవుతుంది.

మిమ్మల్ని కోరేది చేతిలో ఉన్న పనే. వచ్చే రిలీజ్‌కు ముందు, మీ టీమ్‌లో లేని మనిషికి చెల్లింపు స్క్రీన్ చూపించి ఫోన్ వెనక్కి తీసుకోండి. ఎంత కట్టబోతున్నారు, వచ్చే నెల మళ్లీ కట్ అవుతుందా, వద్దనుకుంటే ఎక్కడ నొక్కాలి అని అడగండి. జవాబు రాకపోతే ఆ స్క్రీన్ సిద్ధం కాలేదని లాయరు, డిజైనరు, మేనేజరు ముగ్గురూ ఒప్పుకుని సంతకం చేయాలి. ఏ షరతు ఎప్పుడు మార్చారో పాత ప్రతులతో సహా తేదీలు వేసి అందరికీ కనబడేలా ఉంచండి. చేరడానికి ఎన్ని అడుగులో మానుకోవడానికీ అన్నే అడుగులు పెట్టండి. యూరప్‌లో 2026 జూన్ 19 నుంచి, ఆన్‌లైన్‌లో చేసుకున్న ఒప్పందాన్ని వెనక్కి తీసుకునే బటన్ కూడా వెబ్‌సైట్లో ఉండాలన్న నియమం వర్తిస్తుంది. ఆ మార్కెట్ కోసం మీరు ఎలాగూ ఆ బటన్ తయారుచేయాలి. మిగతా దేశాలవారి ఫోన్లలో దాన్ని ఆపి ఉంచడానికి విడిగా కోడ్ రాయకండి.

ఇట్లు,
కాంట్రాక్టు చట్టం చెప్పే ఒక టీచరు